ఇంటి చల్లదనం – 4వ పాఠం: ఏసీలో గ్యాస్ అయిపోయిందా, జాలి మూసుకుపోయిందా?

పోయిన పాఠంలో ఇంటిపని ఒకటి ఇచ్చాను. రాత్రి పడుకునే ముందు కరెంటు మీటరు రీడింగ్, పొద్దున లేవగానే మళ్లీ రీడింగ్. రాత్రి 10 గంటలకు 4812.6, పొద్దున 6 గంటలకు 4819.1 ఉంటే ఆ ఎనిమిది గంటల్లో 6.5 యూనిట్లు కాలాయన్నమాట. ఫ్రిజ్, ఫ్యాన్లు కూడా అందులోనే కలుస్తాయి, ఫర్వాలేదు. మూడు రాత్రుల లెక్క ఉంటే చాలు. రాసుకోనివాళ్లు ఇవాళ ఏసీ మూత ఎత్తొద్దు, ముందు ఆ పని కానివ్వండి. చివర్లో ఆ అంకెలతో పనుంది.

ఇవాళ్టి పాఠం స్ప్లిట్ ఏసీ గురించి. ఎండలు ముదిరాయంటే ఎవరి ఇంట్లో విన్నా ఒకటే మాట, "గ్యాస్ తగ్గింది". మా ఇంట్లోనూ ఇదే జరిగింది. గది చల్లబడటం లేదని మెకానిక్‌ను పిలిస్తే, గాలికి చెయ్యి అడ్డం పెట్టి చూసి, "గ్యాస్ లేదు సార్, నింపాలి" అన్నాడు. నింపాడు, డబ్బు తీసుకున్నాడు. వారం తిరక్కుండా మళ్లీ ఉక్కపోత. తర్వాత మా ఆవిడ బూజు దులుపుతూ ఏసీ ముందు మూత ఎత్తి, నన్ను కేకేసింది. లోపల గాలిని వడకట్టే జాలి (ఫిల్టర్) కనపడటం లేదు. దాని మీద దుమ్ము బూడిదరంగు గుడ్డలా పేరుకుని ఉంది, కొస పట్టుకుని లాగితే పొరలా ఊడొచ్చింది.

ఏసీలో గ్యాస్ వంటగది బండలో గ్యాస్‌లాంటిది కాదు, వాడేకొద్దీ అయిపోదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ గిరగిరా తిరుగుతూ గదిలో వేడిని బయటికి మోస్తుంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందనే అర్థం. ఏటా గ్యాస్ నింపించుకుంటున్నవాళ్లు ఏటా ఆ లీకును అలాగే వదిలేస్తున్నారు.

మరి జాలికి, గ్యాస్‌కి మధ్య పొరపాటు ఎందుకు జరుగుతుంది? జాలి మూసుకుపోతే దాని వెనకున్న కాయిల్‌కి, అంటే గ్యాస్ తిరిగే గొట్టాల చుట్టకి, గాలి తగలదు. మోయడానికి వేడి అందక కాయిల్ అతిగా చల్లబడి, దాని మీద మంచు కడుతుంది. గ్యాస్ తగ్గినా మంచే కడుతుంది. జబ్బులు రెండు, లక్షణం ఒకటే. కాబట్టి డబ్బు ఖర్చు లేని జబ్బును ముందు చూసుకోవాలి.

ఎంసీబీ (ఏసీకి కరెంటు ఇచ్చే గోడ మీది స్విచ్చు) ఆపండి. రిమోట్‌తో ఆపితే సరిపోదు. ఇండోర్ యూనిట్ ముందు మూతను రెండు పక్కలా పట్టి పైకెత్తితే జాలీలు కనిపిస్తాయి. కింది అంచును కాస్త పైకి నెట్టి లాగితే వచ్చేస్తాయి. కడిగేటప్పుడు చాలామంది దుమ్మున్న వైపు నుంచే నీళ్లు కొడతారు. అలా చేస్తే దుమ్ము కన్నాల్లోకి ఇంకా దిగుతుంది. వెనక వైపు నుంచి కొట్టండి, వచ్చిన దారినే పోతుంది. జిడ్డుంటే గోరువెచ్చటి నీళ్లలో కాస్త సబ్బు వేసి పాత టూత్ బ్రష్‌తో మెల్లగా రుద్దండి. వేడినీళ్లు వద్దు. ఆరబెట్టడం నీడలోనే. ఎండకు చట్రం వంగిందంటే మళ్లీ గాడిలో కూర్చోదు. వాడకం ఉన్న నెలల్లో పదిహేను రోజులకోసారి ఈ పని చేయాలి, రోడ్డు పక్క ఇళ్లవాళ్లు వారానికోసారి.

జాలి తీసినప్పుడే వెనక కాయిల్ మీద టార్చి వేసి చూడండి. అల్యూమినియం రేకులు వేళ్లు తెగేంత పదునుగా ఉంటాయి, ముట్టుకోవద్దు. అక్కడ కూడా దుమ్ము పట్టేసి ఉన్నా, గాలి వచ్చే సందులోంచి చూస్తే బ్లోయర్ (గాలి విసిరే లోపలి ఫ్యాన్) రెక్కలు నల్లగా కనిపించినా అది మెకానిక్ పని. వాటర్ సర్వీస్ (నీళ్లు కొట్టి లోపల కడగడం) చేయించండి, గ్యాస్ మాట ఎత్తనివ్వొద్దు.

ఇండోర్ యూనిట్ నుంచి గోడ మీదికి నీళ్లు కారుతుంటే డ్రెయిన్ పైపు చూడండి. పైపు కొసను బకెట్‌లో ముంచి పెట్టడం మనకు అలవాటు. కొస నీళ్లలో మునిగితే గాలి అడ్డుపడి నీళ్లు వెనక్కి తంతాయి. కొస ఎప్పుడూ నీళ్ల పైనే ఉండాలి. (ఆ నీళ్లతో ఇల్లు తుడుచుకోండి, ఇన్వర్టర్ బ్యాటరీలో మాత్రం పోయకండి. అవి డిస్టిల్డ్ వాటర్ కాదు.)

సజ్జ మీది అవుట్‌డోర్ యూనిట్‌కి గాలి ఆడితే చాలు. దాని ముందు బట్టలు ఆరేయొద్దు, పాత సామాను పేర్చొద్దు. మామూలు గొట్టంతో నీళ్లు పట్టి కడగొచ్చు, ఎంసీబీ ఆపాకే. ప్రెషర్ పంపు కొడితే రేకులు వాలిపోతాయి.

ఇవన్నీ అయ్యాక, మంచు కట్టి ఉంటే రెండు మూడు గంటలు ఫ్యాన్ మోడ్‌లో పెట్టి పూర్తిగా కరగనిచ్చి, మళ్లీ కూల్ మోడ్ వేయండి. అరగంట తర్వాత అవుట్‌డోర్ యూనిట్‌కి తగిలించిన రెండు రాగి గొట్టాలను చూడండి. మామూలుగా రెండూ చల్లగా ఉండి చెమట పడతాయి. జాలి శుభ్రంగా ఉన్నా సన్న గొట్టం మీద మంచు కట్టి, లావు గొట్టం చల్లగా లేకపోతే అప్పుడు గ్యాస్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. నట్టు దగ్గర నూనె మరక ఉండి, దానికి దుమ్ము అంటుకుని ఉంటే లీకు అక్కడే ఉండే అవకాశం ఎక్కువ.

మెకానిక్‌ను అడగాల్సినవి మూడు. సబ్బు నురగ పెట్టి లీకు చూపించమనండి. లీకు కట్టాక వాక్యూమ్ పంపుతో గొట్టాల్లో గాలి, తేమ లాగేయమనండి. తర్వాత గ్యాస్‌ను తూకం వేసి నింపమనండి. ఎంత బరువు పట్టాలో అవుట్‌డోర్ యూనిట్ మీది రేకు మీదే రాసి ఉంటుంది. తూకం వేయకుండా ప్రెషర్ చూపే గేజ్ ఒక్కటే చూసి "సరిపోయింది సార్" అంటే ఒప్పుకోకండి. ముఖం చిట్లిస్తాడు, చిట్లించనివ్వండి.

ఇక మీటరు లెక్క. కడిగాక మళ్లీ మూడు రాత్రులు రీడింగ్ రాయండి. ముందు మూడు రాత్రులు రిమోట్ ఏ అంకె మీద ఉందో ఇప్పుడూ అదే ఉండాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 24 మీద ఉంచండి. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఏసీలు ఆన్ చేయగానే 24 చూపించేలా రావాలని కేంద్రం నిబంధన పెట్టింది కూడా. వాన పడి చల్లబడిన రాత్రిని లెక్కలోంచి తీసేయండి.

యూనిట్లు తగ్గితే ఎన్ని తగ్గాయో పుస్తకంలో పక్కనే రాసి పెట్టండి. జాలి శుభ్రం, గొట్టాలు సరే, అయినా అంకె కదల్లేదంటే వేడి గదిలోకి వేరే దారిన వస్తోంది. అలాంటివాళ్లు వచ్చే పాఠానికి మిట్టమధ్యాహ్నం రెండింటికి పడకగది పైకప్పుకి స్టూలెక్కి అరచెయ్యి ఆనించి, పడమటి గోడకి కూడా ఆనించి, రెండింట్లో ఏది ఎక్కువ వేడిగా ఉందో చూసి రాసుకు రండి.