పేజీ కంటే ముందు అట్ట ఫోటో
కడపలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి ప్రాజెక్టు పని మీద వెళ్లే పిల్లలకు ఒక మాట. కావాల్సిన పేజీని ఫోన్లో తీసే ముందు పుస్తకం అట్టనూ, ప్రచురణ సంవత్సరం ఉండే లోపలి పేజీనీ తీయండి. పేజీ నంబరు తెగిపోకుండా అంచు దాకా రావాలి.

నేను ఎం.ఏ.లో ఉన్నప్పుడు కడప జిల్లా కైఫీయత్తుల (పాతకాలంలో రాయించిన ఊళ్ల చరిత్రల) సంపుటాల్లోంచి చెరువుల ప్రస్తావన ఉన్న పేజీలు 40 దాకా తీసుకున్నా. ఇంటికొచ్చి చూస్తే ఏది ఏ సంపుటమో ఒక్కటీ తెలీలేదు. మళ్లీ ప్రొద్దుటూరులో బస్సెక్కాల్సొచ్చింది, అదీ మే నెల ఎండలో.

ఇంకొకటి. మన యూనివర్సిటీల పీహెచ్‌డీ థీసిస్‌లు ఉండే శోధ్‌గంగ వెబ్‌సైటులో పాత థీసిస్‌లు ఉచితంగానే దొరుకుతాయి, అధ్యాయానికో పీడీఎఫ్. మొత్తం దించుకునే పని పెట్టుకోకుండా ముందు చివర్లో ఉండే గ్రంథసూచి ఫైలు తెరవండి. మీ అంశం మీద అంతకుముందు ఎవరెవరు రాశారో 10 నిమిషాల్లో తేలిపోతుంది. తెలుగైనా, జువాలజీ అయినా, కామర్స్ అయినా ఇదే దారి. ఫైలు దిగిన వెంటనే పేరు మాత్రం మార్చుకోండి. చాలావాటికి 08, 09 అని ఉత్త అంకెలే ముందుంటాయి, వారం తర్వాత ఏది ఎవరి థీసిసో దేవుడికే తెలియాలి.