కాలువ బురదలో మొప్పతోక పురుగు: తోక తెగకుండా సేకరించి గుర్తించే విధానం

జీవశాస్త్రం చదివిన వారెవరైనా ఎప్పుడో ఒకప్పుడు వానపాము బొమ్మ గీసి ఖండితాలు, అంటే ఒంటి మీది ఉంగరాల్లాంటి భాగాలు, లెక్కపెట్టే ఉంటారు. ఆ వానపాము వర్గానికే చెందిన మరో జీవి మంచినీటి అడుగున, బురదలో తల దూర్చి, తోకను నీటిలోకి ఎత్తి బతుకుతుంది. దాని తోకకు మొప్పలుంటాయి. శాస్త్రీయ నామం బ్రాంకియూరా సోవర్‌బియి. సౌకర్యం కోసం ఇక్కడ దీన్ని మొప్పతోక పురుగు అందాం. దీన్ని పట్టడం కష్టం కాదు. తోక తెగకుండా పట్టడమే కష్టం, తోక లేనిదే గుర్తింపు తేలదు.

విజయవాడ వారు వెతకడానికి బందరు, రైవస్, ఏలూరు కాలువలు చాలు. రబీ నీటి విడుదల ముగిసి వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు, యనమలకుదురు వైపు గట్ల వెంట అక్కడక్కడ నిలిచిన మడుగులు అనువైన చోట్లు. కాలువ నిండుగా పారుతున్నప్పుడు మాత్రం దిగవద్దు. మురుగు కలిసిన నీరు కాబట్టి రబ్బరు చేతి తొడుగులు తప్పనిసరి. ఇసుక మేటలను వదిలి, మెత్తటి నల్ల బురద ఉన్న చోట చిన్న పారతో జానెడు లోతు వరకు ముద్దగా, చెదరకుండా ఎత్తి బకెట్లో పెట్టుకోవాలి.

ఇంటికి తెచ్చిన వెంటనే జల్లెడ పట్టడం చాలామంది చేసే పొరపాటు. నేను కూడా మొదట్లో అలాగే చేసి, తలలు ఒక చోట, తోకలు ఒక చోట ఏరుకున్నాను. బురద ముద్దను గాజు తొట్టిలో ఉంచి, నాలుగు వేళ్ల ఎత్తున కాలువ నీరే పోసి, రాత్రంతా కదపకుండా వదిలేయండి. తెల్లవారేసరికి నీరు తేరుకుంటుంది, పురుగులుంటే తోకలు బురద పైకి వచ్చి మెల్లగా ఊగుతూ కనిపిస్తాయి. పక్క నుంచి టార్చి వేసి భూతద్దంతో చూస్తే తోకకు రెండు అంచులా సన్నని కుచ్చులాంటివి కనిపిస్తాయి. అవే మొప్పలు. ఈ దృశ్యాన్ని తొందరపడకుండా చూడమని కోరుతున్నాను, ఎందుకంటే పురుగును బయటికి తీశాక మొప్పలు ముడుచుకుపోయి ఇంత స్పష్టంగా కనిపించవు.

తర్వాత ఆ చోటి బురదను గరిటెతో తీసి, వెడల్పాటి పళ్లెంలో నీటితో పలచన చేసి, పురుగును మెత్తటి కుంచెతో ఎత్తాలి. పట్టకారు వాడితే తెగుతుంది. బాగా ఎదిగిన పురుగు 10 సెంటీమీటర్లు కూడా దాటవచ్చు. చిన్న గిన్నెలో నీటిలో ఉంచి, కిరాణా కొట్లో సీసాల్లో దొరికే సాదా సోడా నీటిని (వంట సోడా కాదు) కొద్దికొద్దిగా కలిపితే, అందులోని కార్బన్ డయాక్సైడ్ వల్ల అది మత్తులోకి జారి నిటారుగా సాగుతుంది.

ఇప్పుడు శరీర నిర్మాణం. ముందు కొసన నోటిపై ముందుకు పొడుచుకొచ్చిన చిన్న భాగం పురోముఖం, దాన్ని ఖండితంగా లెక్కించకూడదు. నోరున్నది మొదటి ఖండితం, దానికి శూకాలు, అంటే చర్మం నుంచి పొడుచుకొచ్చే సన్నని ముళ్లు, ఉండవు. రెండో ఖండితం నుంచి పై వైపు రెండు, కింది వైపు రెండు చొప్పున నాలుగు శూకాల కట్టలు మొదలవుతాయి. గ్లిజరిన్ చుక్కలో ఉంచి సూక్ష్మదర్శినిలో చూస్తే, ముందు భాగపు పై కట్టల్లో కొక్కెం వంటి శూకాలతో పాటు వెంట్రుకల వంటి పొట్టి శూకాలు కూడా కనిపిస్తాయి. పురుగు ద్విలింగ జీవి. ముష్కాలు పదో ఖండితంలో, స్త్రీ బీజకోశాలు పదకొండో ఖండితంలో ఉంటాయి.

మొప్పలు శరీరం వెనుక భాగంలోనే ఉంటాయి. ఒక్కో ఖండితానికి వీపు మధ్యన ఒకటి, పొట్ట మధ్యన ఒకటి చొప్పున వేలి ఆకారపు తంతువులు వరుసగా నిలుస్తాయి. వాటిలో రక్తం ప్రవహిస్తుంది. మనకు హీమోగ్లోబిన్ ఎర్ర రక్తకణాల్లో ఉంటే, దీనికి నేరుగా రక్తపు ద్రవభాగమైన ప్లాస్మాలోనే కరిగి ఉంటుంది, ఎరుపు రంగుకు కారణం అదే.

ఆ ఎరుపును చూసి మాత్రం నిర్ణయానికి రావద్దు. దోమను పోలిన కైరోనమస్ ఈగ లార్వా కూడా ఎర్రగానే ఉంటుంది, కానీ దానికి గట్టి తల, పొట్టి బుడిపె కాళ్లు ఉంటాయి. అక్వేరియం చేపలకు వేసే ట్యూబిఫెక్స్ సైతం ఇలాగే తోక ఊపుతుంది, అయితే మొప్పలుండవు. డీరో అనే చిన్న పురుగుకు మొప్పలున్నా, అవి తోక చివరనే గుత్తిగా ఉంటాయి. వీపున, పొట్టన వరుసగా మొప్పలుంటేనే బ్రాంకియూరా.

వర్గీకరణలో ఇది అనెలిడా వర్గం, క్లైటెల్లేటా విభాగం, అందులో ఆలిగోకీటా సమూహానికి చెందుతుంది. పాత పుస్తకాల్లో కుటుంబం ట్యూబిఫిసిడే అని ఉంటుంది. అంతర్జాతీయ జంతు నామకరణ సంఘం 2007లో ఇచ్చిన నిర్ణయం తర్వాత ఆ కుటుంబాన్ని నైడిడేలో కలిపి రాస్తున్నారు. కాబట్టి రికార్డులో నైడిడే అనే రాయండి. జాతిని 1892లో ఆంగ్ల జంతుశాస్త్రవేత్త ఫ్రాంక్ బెడ్డర్డ్ వర్ణించాడు, అదీ లండన్ రీజెంట్స్ పార్కులోని తోటలో విక్టోరియా కలువ పెంచే వెచ్చటి తొట్టి బురద నుంచి. ఆసియా జీవి మొదట ఇంగ్లండులో పేరు పొందడం అలా జరిగింది. దక్షిణ భారతపు మంచినీటి ఆలిగోకీట్లపై 1960ల దశకంలో కె. వనమాల నాయుడు ప్రచురించిన పరిశోధన పత్రాలు మన ప్రాంతపు విద్యార్థులు తప్పక సంపాదించి చదవదగినవి.

పేరుతో ఒక చిక్కుంది. చేపల చెరువుల రైతులకు బాగా తెలిసిన చేప పేను, అంటే ఆర్గ్యులస్, చేరే క్రస్టేషియా (రొయ్యలు, పీతల బంధువర్గం) సమూహం పేరు కూడా బ్రాంకియూరాయే. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు, అందుకే సమాచారం వెతికేటప్పుడు సోవర్‌బియి అనే జాతి పేరు కూడా జోడించాలి. అలాగని చేపలతో ఈ పురుగుకు అసలే సంబంధం లేదనుకోకూడదు: కార్పు చేపలకు సోకే థెలోహనెల్లస్ హొవోర్కై అనే పరాన్నజీవి తన జీవితచక్రంలో కొంత భాగం మొప్పతోక పురుగులోనే గడుపుతుంది.

భద్రపరచదలిస్తే, మత్తులో ఉన్న పురుగును గాలి ఆడే చోట 10 శాతం ఫార్మలిన్లో ఒక రోజు ఉంచి, ఆపై 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చాలి. తేదీ, కాలువ పేరు, ఊరు, బురద లోతు పెన్సిల్‌తో రాసిన చీటీని సీసా లోపలే వేయాలి, సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. ఎంత జాగ్రత్తపడినా తోక తెగితే, ఆ ముక్కను పారేయకుండా అదే సీసాలో, అదే చీటీతో ఉంచండి.