పసిపిల్లలకు సీసం పరీక్ష: వేలికొన రక్తాన్ని సరిగా ఎలా తీయాలి?

సీసం (లెడ్) అనే విషలోహం ఒంట్లో చేరిన పసిబిడ్డ చాలాకాలం మామూలుగానే ఆడుకుంటూ, తింటూ కనిపిస్తాడు కనుక రక్తపరీక్ష ఒక్కటే దాన్ని పట్టిస్తుంది. పెచ్చులూడే పాత రంగు గోడల మధ్య, పాత బ్యాటరీలు కరిగించే చోట్ల పక్కన ఉండక తప్పనివి ఎక్కువగా పేద కుటుంబాలే. పైగా ఇనుము లోపించిన పిల్లల శరీరం సీసాన్ని మరింతగా పీల్చుకుంటుంది. ఇంటి గురించి నాలుగు ప్రశ్నలు అడిగి, ప్రమాదం లేదనిపించినవారిని పంపివేసే పద్ధతిని నేను ఒప్పుకోను. అద్దె ఇంటి గోడకు ఎప్పుడు ఏ రంగు వేశారో ఆ తల్లికి ఎలా తెలుస్తుంది? ఏడాది నిండాక ఒకసారి, రెండేళ్లు నిండాక మరోసారి, టీకాకు వచ్చిన రోజునే ప్రతి బిడ్డకూ పరీక్ష చేయాలి. వేరే ల్యాబుకు చీటీ రాసిస్తే ఇంకో రోజు కూలి పోతుందని చాలామంది వెళ్లరు.

సబ్బు, పారే నీరు, పొడి లేని గ్లవుజులు, స్పిరిట్ దూది, వేలిని గుచ్చే లాన్సెట్, గాజుగుడ్డ, రక్తం గడ్డకట్టకుండా ఆపే మందున్న ఈడీటీఏ ట్యూబు సిద్ధం చేసుకొని బిడ్డను పెద్దవారి ఒడిలో కూర్చోబెట్టాలి.

ఇక అసలు పని చేతులు కడగడం. చాలాచోట్ల పాడవుతున్నది ఇక్కడే. డెసిలీటరు, అంటే నూరు మిల్లీలీటర్ల రక్తానికి 3.5 మైక్రోగ్రాముల సీసం ఉందంటే, మనం తీసే పావు మిల్లీలీటరు రక్తంలో ఉండేది మైక్రోగ్రాములో నూరవ వంతు కన్నా తక్కువ. గోటి సందులో, వేలి ముడతలో కంటికి కనిపించని ధూళి ఏ కాస్త ఉన్నా ఆ అంకె తారుమారవుతుంది. స్పిరిట్ క్రిములను చంపుతుందే తప్ప సీసాన్ని తొలగించదు, శానిటైజరూ అంతే. కాబట్టి సబ్బు నురగతో, పారే నీటి కింద, గోళ్ల అంచులు వదలకుండా రుద్ది కడగాలి. ఈ పనిని తల్లికి అప్పగించరాదు, రక్తం తీసేవారే చేయాలి.

కడిగిన చేయి గాలికి ఆరేదాకా దాన్ని మన చేతిలోనే పట్టుకోవాలి. ఒకసారి నేను లాన్సెట్ అందుకునేలోగా ఒక పాప కిటికీ అంచును తడిమింది. చేయి శుభ్రంగానే కనిపించినా మళ్లీ సబ్బుతో మొదలుపెట్టాను. అలా మొదలుపెట్టడానికి బద్ధకించినవారు పరీక్ష చేయకపోవడమే మేలు, ఎందుకంటే తప్పుడు అంకె ఆ ఇంటిల్లిపాదినీ అనవసరంగా భయపెడుతుంది.

ఆ తర్వాత స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, ఉంగరపు వేలికొనను కాస్త పక్కగా గుచ్చాలి. మొదటి చుక్కను గాజుగుడ్డతో తుడిచివేయాలి. వేలిని పిండకూడదు, ట్యూబు అంచుతో చర్మాన్ని గీకకూడదు. చుక్క తనంతట తాను జారి ట్యూబులో పడాలి. మూత పెట్టిన వెంటనే ఎనిమిది నుంచి పది సార్లు మెల్లగా తలకిందులు చేయకపోతే రక్తం గడ్డకట్టి నమూనా వృథా అవుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే సీసం ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలి. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ అదే ఏడాది తన హద్దును 3.5కు తగ్గించింది. వేలికొన పరీక్షలో హద్దు దాటితే సిర నుంచి రక్తం తీసి నిర్ధారించుకోవాలి. అందుకు మళ్లీ రమ్మనే పిలుపు ఆ కుటుంబానికి చేరాలంటే తల్లి నంబరుతో పాటు ఇంటి దగ్గర ఫోను ఎత్తే మరొకరి నంబరును కూడా వేలు గుచ్చకముందే రాసుకోవాలి.