ఫోను మోతలకు పగ్గం – మూడో పాఠం: పెద్ద మీట జోలికి వెళ్లకండి

రెండో పాఠం తరువాత మీరు చెప్పిన ఇబ్బందుల్లో రెండు నన్ను నిజంగా బాధపెట్టాయి. ఒకరికి తెల్లవారుజామున అలారం మోగక రైలు తప్పిపోయింది. మరొకరికి రాత్రి 11 గంటలకు ఊరి నుంచి అమ్మ చేసిన ఫోను వినిపించలేదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు, ఫోను మోగకుండా ఆపే 'అంతరాయం కలిగించవద్దు' (డు నాట్ డిస్టర్బ్) పెట్టుకోమన్నది నేనే. మినహాయింపుల సంగతి ఒక్క వాక్యంలో తేల్చేశాను. ఆ తప్పు నాది. ముందు దాన్ని సరిచేసి, తరువాతే కొత్త పాఠంలోకి వెళ్దాం.

అలారం సంగతి చిన్నది. ఆండ్రాయిడ్‌లో 'అంతరాయం కలిగించవద్దు' పేజీలోనే అలారాలకు ఒక వరుస ఉంటుంది. ఫోను కొన్నప్పుడు అక్కడ అనుమతి ఉండనే ఉంటుంది. మీరు ఏదో సరిచేస్తూ దాన్ని కూడా ఆపేసి ఉంటారు, మళ్లీ తెరవండి.

అమ్మ ఫోను విషయంలో రెండు పనులు చేయాలి. కాంటాక్టుల్లో ఆమె పేరు పక్కన నక్షత్రం గుర్తు పెట్టి, 'అంతరాయం కలిగించవద్దు' పేజీలోని కాల్స్ వరుసలో నక్షత్రం ఉన్నవారికి మాత్రమే అనుమతి ఇవ్వండి. నక్షత్రాలు ఐదు దాటకుండా చూసుకోమని నా సలహా. రెండోది, మళ్లీ మళ్లీ చేసేవారికి అనుమతి. ఒకే నంబరు నుంచి 15 నిమిషాల్లోపు రెండోసారి ఫోను వస్తే ఆండ్రాయిడ్ మోగుతుంది. ఐఫోనులో ఆ గడువు 3 నిమిషాలే. ఈ సంగతి ఇంట్లోవాళ్లకు ఈ రోజే చెప్పండి: అత్యవసరమైతే పెట్టేసి వెంటనే మళ్లీ చేయాలి. వాళ్లకు తెలియకపోతే ఈ ఏర్పాటుతో ప్రయోజనం లేదు.

ఇక ఈ పాఠం. శబ్దం తగ్గించడం, తెరను పైనుంచి కిందికి లాగడం మీకు తెలిసినవే. నేను సెట్టింగుల్లోకి వెళ్లి యాప్‌ల జాబితా వెతకను. విసిగించే నోటిఫికేషన్ వచ్చినప్పుడు దాని మీదే వేలు నొక్కి పట్టుకుంటాను. దాన్ని సైలెంట్‌గా ఉంచే వీలు, ఆపేసే వీలు అక్కడే ఉంటాయి. పక్కకు తోసేస్తే మాత్రం ఏమీ మారదు, గంట తరువాత అలాంటిదే మరొకటి వస్తుంది.

అసలు గొయ్యి ఇక్కడే ఉంది. ఆపేసే పేజీలో పైన యాప్ పేరుతో పెద్ద మీట (ఆన్-ఆఫ్ స్విచ్), దాని కింద చిన్న మీటలు ఉంటాయి. కోపంలో అందరూ పెద్ద మీటే నొక్కుతారు. దానితో యాప్ నోరు మొత్తం మూతపడుతుంది. బ్యాంకు యాప్ రోజూ అప్పు ఇస్తామని పిలుస్తోందని పెద్ద మీట నొక్కితే, ఖాతాలోంచి డబ్బు పోయిన కబురు కూడా ఆగిపోతుంది. బస్సు టికెట్ల యాప్‌లో రాయితీల గోల ఆపబోతే, బస్సు మారిన సంగతి తెలియదు. మందులు తెప్పించుకునే యాప్‌లో ప్రకటనలు ఆపబోతే, మందులు తెచ్చినవాడు గుమ్మం దగ్గర ఎదురుచూస్తాడు. ఒకరు ప్రకటనల ఎస్సెమ్మెస్‌ల మీద విసుగుతో మెసేజీల యాప్‌నే ఆపేసి, ఓటీపీలు రావడం లేదని బ్యాంకుకు వెళ్లారు. అవి వస్తూనే ఉన్నాయి. వచ్చాయని ఫోను చెప్పడం లేదు, అంతే.

ఆ చిన్న మీటలు 2017లో ఆండ్రాయిడ్ 8తో వచ్చాయి. ఒక యాప్ పంపే రకరకాల కబుర్లకు వేరువేరు దారులు ఉండాలన్నది వాటి ఉద్దేశం. ఆర్డర్ వివరాలు ఒక దారిలో వస్తే రాయితీలు ఇంకో దారిలో వస్తాయి. మీకు కావలసింది రెండో దారి మూయడం మాత్రమే. చిన్న మీటలు అసలు కనిపించడం లేదన్నవారిలో చాలామందివి కొత్త సామ్‌సంగ్ ఫోన్లు. వాటిలో ముందుగా సెట్టింగుల్లో నోటిఫికేషన్లలోకి, అక్కడి నుంచి అడ్వాన్స్‌డ్ సెట్టింగులలోకి వెళ్లి, ఒక్కో యాప్‌కు నోటిఫికేషన్ కేటగిరీలు చూపించే మీట తెరవాలి. అది ఒక్కసారి చేస్తే చాలు. ఐఫోను సెట్టింగుల్లో ఈ దారుల జాబితా ఉండదు, ఆ యాప్ లోపలి సెట్టింగుల్లోనే వెతకాలి.

కొన్ని యాప్‌లు ప్రకటనలనూ పనికొచ్చే కబుర్లనూ ఒకే దారిలో పంపుతాయి. అది వాడేవారి పట్ల అమర్యాద అని నా అభిప్రాయం. అలాంటివాటిని ఆపకండి, సైలెంట్‌లో ఉంచండి. మోత ఉండదు, చూడాలనుకున్నప్పుడు కబురు అక్కడే ఉంటుంది.

వాట్సాప్ గ్రూపును మ్యూట్ చేస్తే బంధువులకు తెలిసిపోతుందా అని చాలామంది అడిగారు. తెలియదు. ఉగాదికీ సంక్రాంతికీ వచ్చిపడే శుభాకాంక్షలను నిశ్చింతగా మ్యూట్ చేయండి. 8 గంటలు, వారం, ఎప్పటికీ అని మూడు గడువులు ఉంటాయి. నేను ఎప్పటికీ అన్నదే ఎంచుకుంటాను.

ఆండ్రాయిడ్ 13 నుంచి కొత్త యాప్ నోటిఫికేషన్ పంపడానికి మిమ్మల్ని అనుమతి అడగాలి. నేను మొదట వద్దనే అంటాను. వారం రోజుల్లో ఆ యాప్ కబురు అందక నాకు పని చెడితే అప్పుడు ఇస్తాను.

అభ్యాసానికి ముందు ఒక చిన్న ఏర్పాటు. ఆండ్రాయిడ్ 11, ఆపై ఫోన్లలో నోటిఫికేషన్ చరిత్ర అనే మీట ఉంటుంది, దాన్ని తెరవండి. పొరపాటున తోసేసిన కబుర్లు గత 24 గంటలవి అక్కడ కనిపిస్తాయి. మీట తెరవకముందు వచ్చినవి మాత్రం దొరకవు.

అభ్యాసం ఈసారి బరువుగానే ఉంటుంది. మూడు రోజులు ఒక చిన్న పుస్తకం వెంట ఉంచుకోండి. ఫోను మోగిన ప్రతిసారీ వేళ, యాప్ పేరు రాసి, ఆ కబురు గంటలోపు మీకు అవసరమైందా అన్నదానికి అవును లేదా కాదు అని పక్కన రాయండి. ఫోనులో రాయకండి, రాయడానికి తెరిచిన ఫోను మిమ్మల్ని పది నిమిషాలు వదలదు. మూడో రోజు రాత్రి 'కాదు' అని రాసిన ప్రతి యాప్‌ను తీసుకుని దాని చిన్న మీటలన్నీ చూడండి. ఏ దారి మూశారో, ఏది సైలెంట్‌లో ఉంచారో ఆ పక్కనే గుర్తు పెట్టుకోండి. నాలుగో పాఠానికి ఆ పుస్తకం దగ్గర పెట్టుకుని కూర్చోండి, అక్కడి నుంచే మొదలుపెడతాం.