ఒక అంశంలో మీ పలుకుబడికి వచ్చే స్కోరును ఎలా లెక్కవేసుకోవాలి?

మీకు డేటాబేస్ ఇండెక్సుల గురించి సలహా కావాలి. ఒకాయన ప్రొఫైల్‌లో యాభై వేల రెప్యుటేషన్ (ఇతరుల ఓట్లతో వచ్చే పాయింట్ల మొత్తం) కనిపించింది. అదంతా ఆయన వెబ్ డిజైన్ ప్రశ్నలకు జవాబులు రాసి తెచ్చుకున్నదైతే, మీ పనికి ఆ అంకె అక్కరకు రాదు. అందుకే నిపుణులు కలుసుకునే కొన్ని ఆన్‌లైన్ వేదికలు మొత్తం స్కోరుతో పాటు అంశాలవారీ లెక్క కూడా ఉంచుతాయి. ఆ లెక్క ఎలా కడతారో తెలిస్తే ఎవరి మాటకు ఎంత విలువ ఇవ్వాలో తెలుస్తుంది. మీ శ్రమ ఎక్కడ పెట్టాలో కూడా తెలుస్తుంది.

1. ముందు అంశాన్ని సన్నగా గీసుకోండి

"ప్రోగ్రామింగ్" అనేది అంశం కాదు, అదొక సముద్రం. "పైథాన్" కొంత నయం. "పాండాస్‌లో (డేటా పట్టికలతో పనిచేసే పైథాన్ లైబ్రరీ) తేదీల లెక్కలు" అంటే అప్పుడు పోలిక కుదురుతుంది. వేదికలకు మీ మనసులో ఏముందో తెలియదు కాబట్టి ప్రశ్నకు తగిలించిన ట్యాగ్‌నే, అంటే విషయం పేరు చెప్పే చీటీనే, అంశంగా తీసుకుంటాయి. ట్యాగ్ తప్పుగా పడితే ఎంత మంచి జవాబుకైనా గుర్తింపు వేరే ఖాతాలోకి పోతుంది. జవాబు రాసే ముందు ప్రశ్న ట్యాగ్‌లు ఒకసారి చూసుకుని, తప్పుంటే సవరణ సూచించండి. చాలామంది ఈ చిన్న పని వదిలేస్తారు.

2. కాగితం మీద ఒకసారి కూడి చూడండి

ప్రోగ్రామర్లు ప్రశ్నలు అడిగి జవాబులు రాసే స్టాక్ ఓవర్‌ఫ్లోను ఉదాహరణగా తీసుకుందాం. 2008లో మొదలైన ఈ వేదిక తన నియమాలను బాహాటంగానే ప్రకటించింది, కాబట్టి నేర్చుకోవడానికి వీలుగా ఉంటుంది.

పైథాన్, పాండాస్ అని రెండు ట్యాగ్‌లున్న ప్రశ్నకు మీరు జవాబు రాశారనుకోండి. ఏడుగురు అప్‌వోట్ (మెచ్చుకోలు ఓటు) వేశారు, ఒకరు డౌన్‌వోట్ (వ్యతిరేక ఓటు) వేశారు. అప్‌వోట్‌కు 10, డౌన్‌వోట్‌కు మైనస్ 2 చొప్పున మీ రెప్యుటేషన్ 68 పెరుగుతుంది. అడిగినవారు మీ జవాబును అంగీకరిస్తే ఇంకో 15 కలుస్తుంది. ట్యాగ్ స్కోరు దారి వేరు. అక్కడ ఏడులోంచి ఒకటి తీసేస్తే ఆరు, అంతే. ఆ ఆరు పైథాన్‌లోనూ పడుతుంది, పాండాస్‌లోనూ పడుతుంది. అంగీకారానికి ఇక్కడ విలువ లేదు.

ఇంకో తేడా ఉంది. ఓట్ల ద్వారా వచ్చే రెప్యుటేషన్‌కు రోజుకు 200 పరిమితి ఉంది. ఒకే రోజు యాభై మంది మెచ్చుకున్నా అది అక్కడే ఆగుతుంది. ట్యాగ్ స్కోరుకు అలాంటి కట్టడి లేదు, యాభైకి యాభై కలుస్తాయి. ఒకే పనికి రెండు అంకెలు రెండు రకాలుగా పెరుగుతాయన్నమాట. ఎవరి ప్రొఫైల్ చూసినా ముందు మీరు చూస్తున్నది ఏ అంకో తేల్చుకోండి.

ఒక ట్యాగ్‌లో పట్టు చూపినవారికి ఇచ్చే గుర్తులైన ట్యాగ్ బ్యాడ్జ్‌లకు రెండు షరతులు కలిపి పెట్టారు. కాంస్యానికి కనీసం 20 జవాబులు, మొత్తం 100 స్కోరు. వెండికి 80 జవాబులు, 400 స్కోరు. బంగారానికి 200 జవాబులు, 1000 స్కోరు. జవాబుల సంఖ్య కూడా ఎందుకు అడుగుతున్నారంటే, అదృష్టం కలిసొచ్చి ఒక్క జవాబు వెయ్యి ఓట్లు తెచ్చినంత మాత్రాన ఆ మనిషికి అంశం మీద పట్టు ఉందని చెప్పలేం. ఈ ఆలోచన నాకు ఎంతో నచ్చుతుంది. బంగారు బ్యాడ్జ్ కేవలం అలంకారం కూడా కాదు. ఆ ట్యాగ్‌లో ఒక ప్రశ్న ఇదివరకే అడిగినదని తేల్చి, మరొకరి ఓటు అక్కర్లేకుండా ఒంటరిగానే మూసేసే అధికారం ఆ బ్యాడ్జ్ ఉన్నవారికి ఉంటుంది.

అయినా రెండు షరతులు దాటినంత మాత్రాన లెక్క నిఖార్సైనదని కాదు. 25 జవాబులకు 150 స్కోరు వచ్చిందనుకోండి, కాంస్యం వచ్చేస్తుంది. అందులో ఒక్క జవాబుదే 110 అయితే? మిగతా 24 జవాబులకు కలిపి 40, అంటే ఒక్కోదానికి రెండు కూడా లేదు. అందుకని ఎవరి స్కోరు చూసినా అన్నిటికంటే పెద్ద జవాబును పక్కనపెట్టి మళ్లీ కూడండి. వాపేదో బలుపేదో అప్పుడు బయటపడుతుంది. మీ సొంత స్కోరుకూ ఇదే పరీక్ష పెట్టుకోండి.

3. ఓటు వేసిందెవరో చూడండి

పైన చెప్పిన పద్ధతిలో అందరి ఓటూ సమానమే. అలా కాకుండా, అంశం తెలిసినవారి ఓటుకు ఎక్కువ బరువు ఇచ్చే పద్ధతులూ ఉన్నాయి. వీటి మూలం వెబ్ పేజీలకు ర్యాంకు ఇచ్చేందుకు 1998లో వచ్చిన, గూగుల్ వాడిన పేజ్‌ర్యాంక్ ఆలోచనలో ఉంది. గొప్ప పేజీ లింకు ఇచ్చి చూపించిన పేజీకి గొప్పతనం అంటుతుంది. 2002లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకుడు తాహెర్ హవేలివాలా దీన్ని అంశాలవారీగా విడదీసి చూపించారు. ఏ అంశానికి ఆ అంశంలో నమ్మదగిన పేజీల దగ్గర మొదలుపెట్టి లెక్క కడితే, ఒకే పేజీకి ఒక్కో అంశంలో ఒక్కో స్థానం వస్తుంది. పేజీల స్థానంలో మనుషుల్ని పెట్టి చూడండి, విషయం అర్థమైపోతుంది.

లింక్డిన్‌లో 2012 నుంచి ఉన్న ఎండార్స్‌మెంట్లను కూడా ఇదే కళ్లతో చూడాలి. అక్కడ మీతో కనెక్ట్ అయినవారెవరైనా ఒక్క క్లిక్‌తో మీ నైపుణ్యాన్ని ధ్రువీకరించగలరు. తొంభై మంది స్నేహితుల క్లిక్కుల కంటే, మీతో కలిసి ఆ పని చేసిన ముగ్గురి మాట నాకు ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది.

4. ఎప్పటి స్కోరో అడగండి

పదేళ్ల కిందట రాసిన జవాబులకు ఓట్లు ఈనాటికీ పడుతూనే ఉంటాయి. ఆ మనిషి ఆ రంగం వదిలేసి ఉండొచ్చు. స్టాక్ ఓవర్‌ఫ్లో ప్రతి ట్యాగ్‌కూ గత 30 రోజుల జాబితానూ, మొత్తం కాలం జాబితానూ విడివిడిగా చూపిస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

డేటా సైన్స్ పోటీలు నడిపే కాగిల్ ఇంకా ముందుకెళ్లింది. అది ప్రకటించిన ర్యాంకింగ్ సూత్రంలో పాయింట్లు రోజురోజుకూ కరుగుతాయి. ఏడాది తిరిగేసరికి సగానికి కాస్త తక్కువే మిగులుతాయి. జట్టుగా గెలిస్తే పాయింట్లు జట్టు సంఖ్య వర్గమూలంతో భాగించబడతాయి, అంటే నలుగురి జట్టులో ఒక్కొక్కరికీ సగం అందుతుంది. జట్టుకట్టడాన్ని శిక్షించకుండా, ఒంటరి శ్రమకు గౌరవం ఇచ్చే లెక్క ఇది.

5. పెంచుకోవాలంటే

రెండు మూడు సన్నని అంశాలే ఎంచుకోండి. పది ట్యాగ్‌లలో రెండేసి జవాబులు రాస్తే ఎక్కడా లెక్కలోకి రారు. ఇంకా జవాబు రాని ప్రశ్నల్ని వెతకండి. కోడ్ ఒక్కటే అతికించకుండా అది ఎందుకు పనిచేస్తుందో నాలుగు వాక్యాల్లో చెప్పండి, ఎందుకంటే రేపు అదే సమస్యతో వచ్చే పదిమంది ఓటు వేసేది ఆ వివరణ చూసే. పాత జవాబు చెల్లకుండా పోతే వెళ్లి సరిదిద్దండి. వారానికి మూడు మంచి జవాబులు చాలు, స్కోరు కోసం టెన్షన్ పడక్కర్లేదు.

"నాకు నువ్వు, నీకు నేను" ఒప్పందాలు మాత్రం పెట్టుకోవద్దు. ఒకరికే వరుసగా పడిన ఓట్లను స్టాక్ ఓవర్‌ఫ్లో తనంతట తనే గుర్తించి వెనక్కి తీసేస్తుంది. పట్టుబడకపోయినా, ఆ స్కోరు చూసి మీ సలహా పాటించేవారికి నష్టం జరుగుతుంది.

6. ఒకే అంకె మీద ఆధారపడకండి

ఒక మనిషి పలుకుబడి మొత్తాన్ని 1 నుంచి 100 మధ్య ఒక్క అంకెలో చెప్తానన్న క్లౌట్ అనే వెబ్‌సైట్ 2008లో వచ్చి, 2018 మే 25న మూతపడింది. పరిశోధకుల వేదిక రీసెర్చ్‌గేట్ కూడా పరిశోధకులకు ఒకే అంకెగా ఇచ్చిన తన ఆర్‌జీ స్కోరును 2022లో తీసేసింది. స్కోరు ఇచ్చిన వేదికే దాన్ని ఎప్పుడైనా తీసేయగలదు. మీరు రాసిన జవాబుల కాపీలు మాత్రం మీ దగ్గర ఉంచుకోవచ్చు.

కాబట్టి రెజ్యూమెలో పెట్టేటప్పుడు ఒట్టి అంకె రాయకండి. వేదిక పేరు, ట్యాగ్, జవాబుల సంఖ్య, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు అన్నది రాసి, మీకు బాగా నచ్చిన ఒక జవాబు లింకు ఇవ్వండి. ఇంటర్వ్యూ చేసేవారు ముందు తెరిచేది ఆ లింకే కావచ్చు, కాబట్టి పంపే ముందు ఆ జవాబును ఇంకోసారి చదివి చూసుకోండి.