ప్యానెల్ దానంతటదే నొక్కుకుంటోందా? నా అనుభవం

మూడో తరగతికి దీక్షా (ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక) పాఠం పెడితే చాలు, ఎవరూ ముట్టుకోకుండానే ఐఎఫ్‌పీ ప్యానెల్‌లో (తరగతి గదిలోని పెద్ద టచ్ తెర) వీడియో ఆగిపోవడం, పేజీలు మారిపోవడం, పిల్లలేమో "టీచర్, దయ్యం!" అని ఒకటే గోల. రీస్టార్ట్, అప్‌డేట్, వైఫై మార్చడం, ఏదీ పనిచేయలేదు.

పనిచేసింది ఇదీ: ముందు ప్లగ్ దగ్గరే స్విచ్ ఆపేశాను. తర్వాత పొడి మెత్తటి గుడ్డతో తెరని కాదు, దాని చుట్టూ ఉన్న ఫ్రేమ్ లోపలి అంచుని, ముఖ్యంగా కింది అంచుని, మూలలతో సహా మెల్లగా తుడిచాను. టచ్‌ని పసిగట్టే ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు అక్కడినుంచే వెళ్తాయి, పక్కనే నల్లబల్ల ఉంటే సుద్దపొడి చేరేదీ అక్కడే. ఓ మూల బొట్టుబిళ్ల కూడా అంటుకుని ఉంది (ఎవరి పనో అడగలేదు). ఆన్ చేశాక పూర్తిగా తెరుచుకునేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. అంతే, మళ్లీ ఆ సమస్య రాలేదు.

మీ ప్యానెల్ టచ్ వేరే రకమైతే దీంతో కుదరకపోవచ్చు. నేరుగా ఎండ పడినా ఇలా కావచ్చు, ఓసారి కిటికీ మూసి చూడండి.