ట్యూబులో గర్భం: ఎవరు జాగ్రత్త పడాలి, ఏం చేయాలి

గర్భాశయంలో కుదురుకోవలసిన పిండం మరోచోట నాటుకుంటే దానిని ఎక్టోపిక్ ప్రెగ్నెన్సీ అంటారు. నూటికి ఒకటి రెండు గర్భాలు ఇలా అవుతాయి. వాటిలో 90 శాతానికి పైగా ఫెలోపియన్ ట్యూబులోనే (అండాన్ని గర్భాశయానికి చేర్చే నాళంలోనే) నిలుస్తాయి కనుక ‘ట్యూబులో గర్భం’ అన్న మాటే వాడుకలో ఉంది. ఇటువంటి గర్భాన్ని నిలబెట్టే వైద్యం లేదు. ట్యూబు పగలకముందే గుర్తించడం ఒక్కటే మన చేతుల్లో ఉంది.

ముందుగా మీ పాత ఆరోగ్య చరిత్రను ఒకసారి గుర్తు చేసుకోండి. ఇంతకుముందు ట్యూబులో గర్భం వచ్చినవారికి మళ్లీ వచ్చే అవకాశం సుమారు 10 శాతం. పొత్తికడుపు ఇన్‌ఫెక్షన్లు, ముఖ్యంగా క్లమీడియా అనే, లైంగికంగా సోకే బ్యాక్టీరియా వల్ల వచ్చినవి, ట్యూబు లోపలి పొరను దెబ్బతీసి పిండం కదలికకు అడ్డుపడతాయి. మన దేశంలో జననాంగాల క్షయను కూడా ఈ కోవలో చేర్చాలి. ట్యూబుకు జరిగిన శస్త్రచికిత్స, ఐవీఎఫ్, పొగతాగడం, 35 దాటిన వయసు కూడా ముప్పును పెంచుతాయి. అయితే ఈ సమస్య వచ్చినవారిలో దాదాపు సగం మందికి వీటిలో ఏదీ ఉండదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ప్రత్యేకంగా చెప్పవలసింది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ గురించి. పాతికేళ్లకే ఆ ఆపరేషన్ చేయించుకున్నవారు ఇక్కడ చాలామంది. ఆ తర్వాత గర్భం రావడం అరుదే, కానీ వస్తే అది ట్యూబులో ఉండే అవకాశం ఎక్కువ. కాపర్-టి ఉండగా వచ్చిన గర్భం విషయంలోనూ ఇంతే. ‘ఆపరేషన్ అయిపోయింది కదా’ అని నొప్పిని గ్యాస్ ఖాతాలో వేసి మాత్ర మింగించడమే మన ఇళ్లలో జరిగే అసలు పొరపాటు.

నెల తప్పి, పొత్తికడుపులో ఒకవైపు నొప్పి గానీ మచ్చలుగా రక్తం గానీ కనిపిస్తే, ఆపరేషన్ అయినా కాకపోయినా, ఆ రోజే మూత్ర పరీక్ష చేసుకుని వైద్యురాలిని కలవాలి. యోని ద్వారా చేసే స్కానింగ్‌లో స్పష్టత రాకపోతే బీటా హెచ్‌సీజీ (గర్భధారణలో పెరిగే హార్మోన్) రక్తపరీక్షను 48 గంటల తేడాతో రెండుసార్లు చేస్తారు; రెండోది మానకూడదు. కళ్లు తిరిగినా, పడుకున్నప్పుడు భుజం కొసన నొప్పి వచ్చినా (కడుపులో కారిన రక్తం ఉదర వితానాన్ని, అంటే ఛాతీకి కడుపుకు మధ్య ఉండే కండర పొరను, తాకితే అక్కడ తెలుస్తుంది) ఏమీ తినకుండా, తాగకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ట్యూబు పగలకుండా, హెచ్‌సీజీ హార్మోన్ స్థాయి తక్కువగా ఉంటే మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్‌తో నయం కావచ్చు. ఇది ఫోలిక్ యాసిడ్‌కు విరుద్ధంగా పనిచేస్తుంది కాబట్టి, నెల తప్పగానే మొదలుపెట్టిన ఫోలిక్ మాత్రల షీటును పక్కన పెట్టాలి. హెచ్‌సీజీ పూర్తిగా తగ్గేవరకు రక్తపరీక్షలు చేయించుకుంటూ, కనీసం మూడు నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. ట్యూబు పగిలినా, హార్మోన్ స్థాయి ఎక్కువగా ఉన్నా లాపరోస్కోపీలో (చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్‌లో) ట్యూబును తీసివేయవలసి రావచ్చు. రక్తం గ్రూపు నెగటివ్ అయితే యాంటీ-డి ఇంజెక్షన్ (తర్వాతి గర్భాల్లో బిడ్డ రక్తానికి హాని కలగకుండా ఇచ్చేది) గురించి అడగండి.

ఒక ట్యూబు తీసివేసినా, రెండోది బాగుంటే, తర్వాత సహజంగానే గర్భం వచ్చేవారు చాలామంది ఉన్నారు. ఈసారి నెల తప్పగానే వైద్యురాలికి చెప్పి, 6–7 వారాల మధ్య స్కానింగ్ చేయించుకోవాలి. వెళ్లేటప్పుడు పాత డిశ్చార్జి కాగితాలు వెంట తీసుకువెళ్లండి. ఏ వైపు ట్యూబు తీశారో, మిగిలినది ఎలా ఉందో అందులోనే రాసి ఉంటుంది.